డాలరుకి మా వదిన కట్టిన ధర

బొబ్బిలిలో మా వదిన ఇంటి పెరట్లో రెండు గదులు ఉండేవి. వాటిని అద్దెకిచ్చేవాళ్ళం. బోర్డు లేదు. పక్కనే గొల్లపల్లిలో వీణలు చేస్తారు కనుక, వీణ కోసం దూరం నుంచి వచ్చి అది పూర్తయ్యేదాకా ఆగవలసిన వాళ్ళకి ఎవరో ఒకరు మా ఇల్లు చూపించేవారు. గది, పొద్దున్న టిఫిను, రెండు పూటలా భోజనం, అన్నీ కలిపి రోజుకి ఏడువందలు. మంచాలు ఇనపవి. వదిన పనిచేసిన మిషను ఆసుపత్రి వాళ్ళు పాత సామాను అమ్మేసినప్పుడు కొన్నవి. తలవైపు రోగి చీటీ తగిలించే కొక్కెం ఇంకా అలాగే ఉండేది. వచ్చినవాళ్ళు దానికి తువ్వాలు వేలాడదీసుకునేవారు.

వదిన అంటే మా ఆయన అక్క. ముప్ఫయ్యేళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో పిల్లలకీ పెద్దలకీ అందరికీ సిస్టరమ్మ. మా ఆయన పోయిన మూడో నెలలో వదిన బస్సు దిగి మా ఇంటికి వచ్చింది, టీ తాగింది, నా పెట్టె తనే పట్టుకుని బయల్దేరింది. నన్ను రమ్మని అడగలేదు. పెట్టె వెళ్ళిపోతోంది కనుక నేనూ వెనక వెళ్ళాను. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో అన్నం తిన్నాను. పొద్దున్నే దేవునికి చెప్పుకునే స్తోత్రాల్లో వదిన ముందుంటుంది, మిగతావన్నీ ఆమె తర్వాతే. ఇది ముందుగా ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత రాయబోయేది చదివి ఎవరూ ఆమెను తక్కువగా అనుకోకూడదని.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. సాలూరు అవతల ఒక చిన్న సంఘానికి మా నాన్న బోధకుడు. ఆయనే ఇంట్లో చదువు చెప్పాడు. తెలుగు బైబిలు వాక్యం ఒక పక్క, అదే వాక్యం ఇంగ్లీషులో ఇంకో పక్క పెట్టి, ఒకటి చదివి రెండోది చూడకుండా చెప్పమనేవాడు. ఒక మాట కలపకూడదు, ఒక మాట వదలకూడదు. కలిపినా వదిలినా మళ్ళీ మొదటి నుంచి. అలా వచ్చిన ఇంగ్లీషు నాది. నేను మాట్లాడితే తాతల కాలం మాటలు వస్తాయని గదుల్లో దిగినవాళ్ళు నవ్వేవారు గాని, వాళ్ళకి అర్థమయ్యేది. వదినకీ ఇంగ్లీషు తెలుసు, కాని అది ఆసుపత్రి ఇంగ్లీషు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, అంతవరకే. అందుచేత బయటి దేశాల వాళ్ళు ఎవరొచ్చినా మాటలన్నీ నా ద్వారానే నడిచేవి. వంట నాది, మాట నాది, ఇల్లు వదినది.

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది, ఆ రద్దుకి రెండు రోజుల ముందు ఒక ఆదివారం సాయంత్రం, ఒక అన్నా చెల్లెలూ వచ్చారు. అమెరికా వాళ్ళు. ఇద్దరికీ అరవై దాటాయి. ఆమె వాళ్ళ ఊళ్ళో స్థిరపడిన ఒక తెలుగావిడ దగ్గర పదేళ్ళుగా వీణ నేర్చుకుంటోందట. ఒకే పనస మొద్దులోంచి తొలిచే ఏకాండి వీణ కావాలని ఎప్పుడో చెప్పిపెట్టుకుంది. ఆయనకి సంగీతం పట్టదు. చెల్లెలికి తోడుగా, వీణ మొయ్యడానికి వచ్చానని చెప్పాడు. ఆమె పొద్దున్నే గొల్లపల్లి వెళ్ళి, మెట్లు బిగించే చోట కూర్చుని సాయంత్రానికి వచ్చేది. ఆయన మోకాలి నొప్పితో ఎక్కువ తిరగలేక, మా వంటింటి అరుగు మీద కూర్చుని నాకు ఉల్లిపాయలు ఒలిచి ఇచ్చేవాడు. వద్దంటే వినేవాడు కాదు. ఒలిచిన పొట్టు ఒక్కటీ కింద పడనిచ్చేవాడు కాదు.

పై వారం మంగళవారం పొద్దున్న రైలుకి విశాఖపట్నం వెళ్ళాలి, మర్నాడు విమానం. టిక్కెట్లు ముందే కొనుక్కున్నారు. అంటే మా దగ్గర తొమ్మిది రోజులు. విమానం దిగినచోట మార్చుకున్న రూపాయలు ఉన్నాయి గాని, అవి సోమవారమే వీణ బాకీకి ఇచ్చేశారు. గది డబ్బులకి ఏటీఎంలో తీసుకుందామనుకున్నారు. ఆ మర్నాడు, మంగళవారం, టీవీలో రద్దు కబురు చెప్పారు. తర్వాత సంగతి అందరికీ తెలుసు. ఏటీఎంలు మూతపడ్డాయి. తెరిచినప్పుడు వరస రోడ్డు మలుపు దాకా ఉండేది. ఆయన కూడా రెండు రోజులు, ఒక కాలి మీద బరువు మోపుకుంటూ నిలబడ్డాడు. మొదటి రోజు ఆయన ముందు పదిమంది ఉండగా డబ్బు అయిపోయింది. రెండో రోజు మిషను ఆయన కార్డుని తీసుకోలేదు. బ్యాంకు లోపలికెళ్ళి అడిగితే, ఈ బ్రాంచిలో డాలర్లు మార్చరనీ, విశాఖపట్నం వెళ్ళాలనీ చెప్పారు. అక్కడికి వెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళని అడిగితే, అక్కడా కొత్త నోట్లు లేవన్నారు.

శుక్రవారం సాయంత్రం ఆయన వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, తన దగ్గర నూట యాభై డాలర్లు ఉన్నాయని చెప్పాడు. ఉన్నవన్నీ అవే. మా అద్దె వాటిలోనే ఇస్తామనీ, ఈ ఊళ్ళో డాలరు ఎంతకి చెల్లుతుందో కనుక్కుని చెప్పమనీ అడిగాడు. విమానం దిగినచోట అరవై మూడు ఇచ్చారట.

శనివారం పొద్దున్న వదిన నన్ను బజారుకి పంపింది. శ్రీకాకుళం వైపు నుంచి గల్ఫుకి వెల్డింగు పనులకి వెళ్ళే కుర్రాళ్ళకి టిక్కెట్లు తీసే కొట్టు ఒకటి ఉండేది. వాళ్ళు తిరిగొచ్చినప్పుడు తెచ్చే దీనార్లూ రియాళ్ళూ కూడా ఆ కొట్లోనే మార్చుకునేవారు. రసీదు ఉండదు. కొట్టతను నన్ను ఎరుగును, అక్కా అంటాడు. మెల్లగా రెండు ధరలు చెప్పాడు. వంద నోట్లు కావాలంటే డాలరుకి యాభై. రద్దయిన పాత అయిదువందల నోట్లు తీసుకుంటానంటే ఎనభై అయిదు. అప్పట్లో లెక్క చూపలేని కొందరికి ఆ పాత నోట్లు వదిలించుకోవడమే పెద్ద పని. సొంత ఖాతా ఉన్నవాళ్ళు వాటిని బ్యాంకులో వేసుకోవచ్చు కదా, అందుకని ఆ ధర.

నేను తిరిగొచ్చేసరికి వదిన చేటలో చోళ్ళు చెరుగుతోంది.

"ఏటంతన్నాడు?" అంది తల ఎత్తకుండా.

రెండు ధరలూ చెప్పాను.

"పాతయి నా పెన్సను కాతాలో ఎయ్యొచ్చు. నన్నెవులడుగుతారు?" అంది. చేట రెండు సార్లు కొట్టింది. "సూద్దాం. నువ్వు మాత్రం ఆళ్ళకి యాబై అని సెప్పు."

పేపర్లో అరవై ఏడని రాశారు వదినా, అన్నాను.

"పేపరోడొచ్చి నాకు వంద నోట్లిస్తాడేటి? పాలోడికి నానిచ్చుకోవాల, కూరలామెకి నానిచ్చుకోవాల. ఊళ్ళో ఎవులిచ్చినా యాబయ్యే అని సెప్పు. అబద్దం కాదు గదా, కొట్టోడు అన్నమాటే."

అందులో న్యాయం లేకపోలేదు. యాభైకి మార్చుకుంటే ఆమెకి మిగిలేదేమీ లేదు. కాని ఆ "సూద్దాం" అన్న మాట నాకు తెలుసు. ఆసుపత్రిలో డాక్టరు సూది వద్దన్నప్పుడు కూడా సూద్దాం అనేదట, తర్వాత తను అనుకున్నదే చేసేదట. దొర దగ్గర యాభైకి తీసుకుని, కొట్లో ఎనభై అయిదుకి ఇస్తుంది. తను ఆ పని చేస్తానని అనలేదు, చెయ్యనని కూడా అనలేదు. ఆమె ఇంట్లో అన్నం తింటున్నదాన్ని, ఆ మాట ఎలా కాదనను అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అది వదిన పట్ల కృతజ్ఞత కాదు. కృతజ్ఞత పేరు పెట్టుకున్న పిరికితనం.

అరుగు మీద ఉన్నాయన దగ్గరికి వెళ్ళి, ఈ ఊళ్ళో ఎవరిచ్చినా యాభైయే అని చెప్పాను. వదిన చెప్పిన మాటల్లో ఒకటి కలపలేదు, ఒకటి వదల్లేదు. వాక్యం చెప్పినంత శుభ్రంగా చెప్పాను. ఎనభై అయిదు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, ఉల్లిపాయలు పొట్లం కట్టొచ్చిన కాగితం మీద లెక్క వేశాడు. తొమ్మిది రోజులకి ఆరువేల మూడువందలు. నూట ఇరవై ఆరు డాలర్లు. చెల్లెల్ని పిలిచి చూపించాడు. ఇంకా ఇరవై నాలుగు ఉంటాయి, కార్డు పనిచేసే చోటు దొరికేదాకా రొట్టె తిని గడపవచ్చు అన్నాడు. ఇలాంటి కష్టకాలంలో ధర ఇలాగే పడుతుంది, దానికి ఎవర్నీ అనుకోనక్కర్లేదని ఆమె అంది. తరవాత ఆయన, తమ కోసం ఊరంతా తిరిగి కనుక్కున్నందుకు నాకు కృతజ్ఞతలు చెప్పాడు. నేను వెళ్ళింది ఒక్క కొట్టుకే.

మర్నాడు ఆదివారం. ఇంట్లో ఇద్దరమూ మా సంఘం గుడికి బయల్దేరుతుంటే, తామూ వస్తామన్నారు. వాళ్ళు భక్తిపరులని నేననుకోను. మర్యాద కోసం వచ్చారు. చెప్పులు బయట విడిచి, ఆమె ఆడవాళ్ళ వైపు నా పక్కన చాప మీద కూర్చుంది. ఆయనకి మోకాలు వంగదు కనుక కుర్చీ వేశారు, మా వరసకి చివరగా. వదిన నాకు ఇటుపక్క.

కానుకల సంచి వచ్చింది. ఆ వారం సంచి తేలికగా ఉంది. చిల్లర లేక చాలామంది చెయ్యి లోపల పెట్టి ఉత్తదే తీశారు. దేవునికి తెలుసు కనుక ఎవరికీ సిగ్గు లేదు. ఆయన దగ్గరికి వచ్చినప్పుడు, పర్సు తెరిచి ఒక నోటు మడిచి వేశాడు. ఇరవై డాలర్ల నోటు. నా లెక్కలో అప్పటికి ఆయనవి అని చెప్పుకోగలిగినవి ఇరవై నాలుగే. తర్వాత పాస్టరు గారు ఏ వాక్యం మీద చెప్పారో నాకు గుర్తు లేదు. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. డబ్బు ఇవ్వలేనివాళ్ళు పంటో కోడో తెస్తారు. ఆనపకాయ, గుడ్లు, కుంచెడు చోళ్ళు, కోడిపెట్ట, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక వాటిని బల్ల మీద పెట్టి వేలం పాడతారు. వచ్చిన డబ్బు సంఘానికి. ఈ పాటకి రాయని నియమం ఒకటి ఉంది. దేవుడి వస్తువుని బజారు ధర కంటే తక్కువకి పాడకూడదు. పైకి ఎంతైనా పోవచ్చు, కిందికి పోకూడదు. తక్కువకి పాడినవాళ్ళు ఇంటికెళ్ళి ఆ కూర తింటే అరగదని ముసలమ్మలు అంటారు. ఆ నెల చేతుల్లో నోట్లు లేవు కనుక, మాట మీద పాడుకుని క్రిస్మసు లోపల ఇవ్వవచ్చని పెద్దలు ఒప్పుకున్నారు.

సంచి బల్ల మీద బోర్లించగానే ఆ నోటు బయటపడింది. సంఘ పెద్ద ఒక రైతు, వరి చేనున్నాయన. దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. పక్కాయనకి చూపించాడు. పాస్టరు గారు, దీన్ని ఎవరిచేతనైనా విశాఖపట్నం పంపిద్దామన్నారు. పెద్దకి అది నచ్చలేదు.

"అయ్యగారూ, ఇది మన దగ్గిర సెల్లదు. సెల్లందేదొచ్చినా మన సంగంలో పాటే గదా. కోడి బేంకులో సెల్లుతాదేటి? మరి అమ్ముతన్నాం."

పాస్టరు గారు సరేనన్నారు. ఆనపకాయ, కోడి అయిపోయాక, పెద్ద ఆ నోటుని బల్ల మధ్యలో పెట్టి గాలికి పోకుండా పైన చేతిగంట పెట్టాడు.

"కుయ్యదు, గుడ్డెట్టదు, కూరకి రాదు. పాడండి," అన్నాడు.

అందరూ నవ్వారు. దొర కూడా, ఎందుకో తెలియకపోయినా నవ్వాడు. నావైపు వంగి ఏం చేస్తున్నారని అడిగాడు. మీ నోటు వేలం వేస్తున్నారని చెప్పాను. ఆయనకి నమ్మకం కలగలేదు. మళ్ళీ చెప్పాను. చెల్లెలు నోటికి కొంగులాగా చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది.

"బజార్లో ఎంతున్నాది?" అని పెద్ద అడిగాడు.

బడిపంతులు ఒకాయన లేచి, పేపర్లో అరవై ఏడని ఉంది, ఆ లెక్కన ఇరవైకి పదమూడువందల నలభై అని చెప్పాడు. వెనక నుంచి ఎవరో కుర్రాడు టిక్కెట్ల కొట్లో యాభై ఇస్తున్నారని అన్నాడు.

"అది దొంగ బజారు ధరరా. దేవుడికి ఆ ధరేటి?" అన్నాడు పెద్ద. "పదమూడు నలబై కాడ మొదలెట్టండి."

ఏమంటున్నారని దొర మళ్ళీ నన్ను అడిగాడు.

వదిన నా పక్కనే ఉంది. ఆమె కళ్ళు బల్ల మీద ఉన్నాయి. నేను చెప్పకపోయినా ఎవరూ నన్ను అడిగేవారు కాదు. కోడి మాటో ఏదో చెప్పి నవ్వించేస్తే సరిపోయేది. కాని నోరు దానంతట అదే తెరుచుకుంది. పేపర్లో అరవై ఏడని ఒకాయన అన్నాడని చెప్పాను. కొట్లో యాభై ఇస్తారని ఒక కుర్రాడు అన్నాడని చెప్పాను. యాభై దొంగల ధర అని మా పెద్ద అన్నాడని చెప్పాను. అరవై ఏడు లెక్కనే మొదలుపెడుతున్నారని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఒకసారి నా ముఖం చూశాడు. తర్వాత బల్ల వైపు తిరిగాడు.

పాట మొదలుపెట్టింది రైసుమిల్లావిడ. ఆమెకీ మా వదినకీ ప్రతి పాటలోనూ పోటీ. కిందటి క్రిస్మసుకి ఒక గుమ్మడికాయ వాళ్ళిద్దరి మధ్య మూడువందలకి పోయింది. ఆమె పదమూడు నలభై అనగానే, వదిన కూర్చున్నచోట నించే పద్నాలుగువందలంది. వదిన ఆలోచించి అన్నది కాదు. మిల్లావిడ నోరు తెరిస్తే వదిన నోరు దానికి జవాబు చెబుతుంది, అంతే.

"సిస్టరమ్మకి పెన్సనున్నాది," అంది మిల్లావిడ అందరికీ వినబడేలా. "మాకేటున్నాది, ఊక తప్ప. పద్నాలుగు యాబై."

"ఊకమ్ముకునే గదమ్మా మేడ కట్టేవు," అంది వదిన. "పదిహేనొందలు."

మిల్లావిడ నవ్వి చెయ్యి ఊపేసింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పెద్ద బల్ల మీద గంటతో కొట్టాడు. నోటు తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. వదిన దాన్ని జాకెట్లో దోపుకుంది. అప్పుడుగాని ఆమెకి తను చేసింది తట్టలేదనుకుంటాను. ముఖం ఒక్కసారి బిగుసుకుంది. ఇరవై డాలర్లకి పదిహేనువందలంటే, డాలరుకి డెబ్బయ్ అయిదు. అదీ సంఘమంతా వింటుండగా.

ఇంటికి నడిచొస్తున్నప్పుడు వదిన ముందు వెళ్ళిపోయింది. చెల్లెలు ఆమె పక్కన. ఆయన మోకాలి వల్ల మెల్లగా నడుస్తాడు కనుక నేను ఆయనతో ఆగాను. నోటు ఎంతకి పోయిందో నన్ను అడిగి తెలుసుకుని, నిన్న యాభై, ఇవాళ డెబ్బయ్ అయిదు, ఒక్క రోజులో ఈ ఊళ్ళో ఏం మారిందని అడిగాడు. కోపంగా కాదు. ఉల్లిపాయల ధర అడిగినట్టు అడిగాడు.

ఏమీ మారలేదని చెప్పాను. యాభై అన్నది ఒక్క కొట్టు ధర అనీ, నేను ఊరంతా అడగలేదనీ చెప్పాను. ఆ కొట్టువాడే పాత నోట్లకైతే ఎనభై అయిదు ఇస్తానన్న సంగతి కూడా, అది ఎందుకో వివరించి చెప్పాను. వదిన పేరు ఎత్తలేదు. నువ్వు ఆమె ఇంట్లో ఉంటున్నావు, అన్నాడు ఆయన. అవునన్నాను. నిన్న తాను యాభైకి ఒప్పుకున్నాడు గనక ఆ మాట మీదే ఉంటాననీ, నూట ఇరవై ఆరూ ఇస్తాననీ అన్నాడు. వద్దని బతిమాలాను. మాట మాటే అన్నాడు. లెక్క నాకు నోటికొచ్చు. ఇక ఆయన దగ్గర మిగిలేది నాలుగు డాలర్లు.

వంటింట్లో వదిన నీళ్ళు తాగుతోంది.

"ఏటంతన్నాడు దొర?"

ఆయన అన్నదీ, నేను ఒప్పుకున్నదీ, ఆయన దగ్గర మిగిలేదీ అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గ్లాసు కడిగి బోర్లించి, దేవుడి పాటకీ మన ఇంటి అద్దెకీ సంబంధమేటని ఒకసారి గొణిగింది. నన్ను అడిగినట్టు లేదు. అన్నానికి కూర్చుని సగంలో లేచిపోయింది. ఆ సాయంత్రం దువ్వెన ఎక్కడ పెట్టానని మాత్రం నన్ను అడిగింది. నేను ప్రార్థనలో ఏం అడగాలో తెలియక, ఉన్నవాటికి స్తోత్రం చెప్పుకుని ఊరుకున్నాను.

సోమవారం సాయంత్రం వీణ వచ్చింది. గొల్లపల్లి నుంచి ఇద్దరు మనుషులు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఆమె మా ముందు గదిలో చాప వేసుకుని కాసేపు వాయించింది. వదిన గుమ్మంలో నిలబడి విన్నది. బాగుందో లేదో చెప్పలేదు గాని, పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు.

తర్వాత ఆయన కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నూట ఇరవై ఆరు. వదిన కూర్చుని కవరు విప్పింది. తడి వేలితో ఒక్కో నోటూ లెక్కపెట్టి రెండు దొంతులు చేసింది. ఒక దొంతి తన వైపు లాక్కుంది. రెండోది ఆయన వైపు తోసింది. అందులో నలభై రెండు డాలర్లు.

ఆయన వెనక్కి తోశాడు. మొన్న శనివారం ఒప్పుకున్న మాట చెప్పమని నాతో అన్నాడు. చెప్పాను.

"ఆ మాట నాది," అంది వదిన. "నువ్వు ఇని, మధ్యలో ఆపకుండా సెప్పు దొరకి. దేవుడి కాడ డెబ్బయ్ అయిదుకి కొన్నాను. మనిషి కాడ యాబైకి కొంటే, ఆ డెబ్బయ్ అయిదు ఎవులికి పెట్టినట్టు? దేవుడికా, మిల్లావిడికా?"

చెప్పాను. మిల్లావిడ ఎవరో కూడా చెప్పవలసి వచ్చింది. సరే, అయితే మధ్యే మార్గంగా పేపరు ధర తీసుకోండి, గుడిలో ఇచ్చింది వేరు అన్నాడు.

"పేపరు రేటు పేపరోడికి. నాను అందరెదుట అన్నది డెబ్బయ్ అయిదు. రేపు కూరలకెల్తే నా మొకం సూసి అదే అడుగుతారు." తన వైపున్న ఎనభై నాలుగూ కవర్లో పెట్టేసి లేచింది. "దొంగ ధర అని ఆ పెద్ద అన్నప్పుడు నా ఈపు మండిపోనాది. తీసుకోమను."

ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూశాను. "అదీ సెప్పు," అంది.

ఆయన ఆ నలభై రెండూ తీసుకున్నాడు. లేచి నిలబడి వదినకి మన పద్ధతిలో చేతులు జోడించాడు. వదిన ఆయన మోకాలికి రాసుకోమని తైలం సీసా ఒకటి ఇచ్చి, రోజుకి రెండు సార్లు, తిన్న తర్వాత కాదు, స్నానానికి ముందు, అని ఆసుపత్రి ఇంగ్లీషులో తనే చెప్పింది.

ఆ డాలర్లు వదిన కొట్టుకి తీసుకెళ్ళలేదు. కొట్టతను రెండు సార్లు కబురు పంపాడు, తొంభై దాకా వచ్చాడు. క్రిస్మసుకి ముందు పెన్షను డబ్బులోంచి పదిహేనువందలు సంఘానికి కట్టింది. పండగ వెళ్ళాక నన్ను కూడా తీసుకుని విశాఖపట్నం బ్యాంకుకి వెళ్ళి, వరసలో నిలబడి, వాళ్ళిచ్చినంతకి మార్చింది. పాత చీరలు తీసుకుని కొత్త ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చే వాళ్ళతో గంటసేపు బేరమాడే మనిషి, ఆ రోజు కౌంటరులో ధర ఎంతని కూడా అడగలేదు.

కాని నాకు ఎక్కువగా గుర్తుండేది మంగళవారం పొద్దున్న. వాళ్ళని రైలెక్కించి, వీణని సీటు మీద పడుకోబెట్టి, స్టేషను నుంచి ఇద్దరం నడిచి వస్తున్నాం. వదిన నా కంటే రెండు అడుగులు ముందు నడుస్తుంది ఎప్పుడూ. వెనక్కి తిరక్కుండానే అంది.

"శనివారం నీ సేత అలగ సెప్పించింది నాను. దేవుడు నాకే రాసుకుంటాడు. నువ్వు బెంగెట్టుకోకు."

"చెప్పింది నా నోరే కదా వదినా," అన్నాను.

రైలు గేటు దగ్గర లారీ పోయేదాకా ఆగాము.

"అయితే సగం సగం," అంది.

నేను ఒప్పుకున్నాను.